క్యాపిటల్ వై: లైనంతా కాపీ చేయాలా, చివరి వరకే చేయాలా?

ప్రశ్న: నా సహోద్యోగి విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడతారు, నేను దాని నుంచి పుట్టిన నియోవిమ్ వాడతాను. క్యాపిటల్ వై నొక్కితే ఆయనకు లైను మొత్తం కాపీ అవుతుంది, నాకు కర్సర్ నుంచి లైను చివరి వరకే అవుతుంది. జట్టంతా వాడుకునే సెట్టింగుల ఫైల్లో ఏది ఉండాలన్న దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఎవరి మాట సరైనది?

జవాబు: ఆయన పక్షాన పాత అలవాటు ఉంది, మీ పక్షాన తర్కం ఉంది. విమ్‌కు మూలమైన వీఐ ఎడిటర్‌లో క్యాపిటల్ వై లైనంతటినీ కాపీ చేసేది, 1991లో వెలువడిన విమ్ దానినే కొనసాగించింది. అయితే లైను చివరి వరకు కాపీ చేయడమే ఎక్కువ తర్కబద్ధమని, వీఐతో మాత్రం పొసగదని విమ్ సహాయ పత్రమే ఒప్పుకుంటూ, కావలసినవారు మార్చుకోవడానికి, మీటకు వేరే పని అప్పగించే సెట్టింగైన ఒక మ్యాప్‌ను కూడా సూచిస్తుంది. 2021లో వచ్చిన నియోవిమ్ 0.6 ఆ మార్పునే డిఫాల్టుగా చేసింది.

క్యాపిటల్ డి లైను చివరి వరకు తుడిచేస్తుంది, క్యాపిటల్ సి అంతవరకూ మారుస్తుంది కాబట్టి వై కూడా అలాగే నడవాలన్న మీ వాదన నాకు నచ్చుతుంది. కానీ క్యాపిటల్ ఎస్ లైనంతటినీ మారుస్తుందని మీ సహోద్యోగి గుర్తుచేస్తే మీ దగ్గర జవాబుండదు.

అసలు చిక్కు చేతి అలవాటు దగ్గర వస్తుంది. ఒక చలరాశికి విలువ ఇచ్చే లైనులో కర్సర్ సమాన చిహ్నం మీద ఉందనుకోండి. ఆయన ఎడిటర్‌లో క్యాపిటల్ వై, ఆ తర్వాత అతికించే మీట చిన్న పి నొక్కితే అదే లైను కింద మరో లైనుగా దిగుతుంది. మీ ఎడిటర్‌లో కాపీ అయిన ముక్క కర్సర్ పక్కనే అతుక్కుని, రెండు సమాన చిహ్నాలు జంటగా చేరి, లైను అర్థమే మారిపోతుంది. ఒకరు రికార్డు చేసిన మ్యాక్రోను, అంటే మీటల వరుసను, మరొకరు నడిపినప్పుడు ఇలాంటి పొరపాటు వెంటనే కంటబడదు.

కనుక ఉమ్మడి ఫైల్లో ఈ మీటకు ఏ మ్యాపూ పెట్టకండి. లైను మొత్తానికి చిన్న వై రెండుసార్లు, చివరి వరకు అయితే చిన్న వై, డాలర్ గుర్తు నొక్కితే చాలు. ఎవరూ వాటిని మార్చుకోనంత వరకు ఈ రెండూ రెండు ఎడిటర్లలోనూ ఒకేలా పనిచేస్తాయి. ఇతరులకు ఇచ్చే మ్యాక్రోల్లోనూ సూచనల్లోనూ వీటినే రాయండి. క్యాపిటల్ వై ఎలా ఉండాలన్నది ఎవరి సొంత ఫైల్లో వారు తేల్చుకోవచ్చు. నియోవిమ్‌లో పాత పద్ధతి కావాలంటే ఆ డిఫాల్టు మ్యాప్‌ను తీసేస్తే సరిపోతుంది. స్క్రిప్టుల్లో, మీటలు నొక్కినట్టే పని చేయించే నార్మల్ ఆజ్ఞ వాడేటప్పుడు మాత్రం దాని వెంట ఆశ్చర్యార్థకం చేర్చడం మరవకండి, ఎందుకంటే అప్పుడే ఎడిటర్ మ్యాపులను పట్టించుకోకుండా మీట అసలు పనినే చేస్తుంది.