జన్యువులు తగ్గించిన నాచు మా మడికి పనికొస్తుందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా, పెనుగొండ మండలం. ఎనిమిదెకరాల వరి. మూడేళ్లుగా సార్వాలో నీలి ఆకుపచ్చ నాచు పొడి చల్లుతున్నాను. గేదెల కోసం రెండు గుంటల్లో అజొల్లా (నీటి మీద తేలే చిన్న మొక్క) కూడా పెంచుతున్నాను. ఈమధ్య ఒకాయన ఇంటికొచ్చి, "అనవసరమైన జన్యువులు తీసేసిన కొత్తరకం నాచు ఇది, మామూలు దానికన్నా పదిరెట్లు నత్రజని ఇస్తుంది" అంటూ ఎకరానికి 900 రూపాయల ప్యాకెట్ చూపించాడు. ఫోన్లో వెతికితే శాస్త్రవేత్తలు నిజంగానే ఇలాంటి పని చేస్తున్నారని కనబడింది. కొనమంటారా? జన్యువులు తీసేస్తే అది బలహీనపడదా?

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ ప్యాకెట్ కొనకండి. మీ రెండో ప్రశ్న చాలా మంచిది. మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఫోన్లో మీరు చదివింది అబద్ధం కాదు. మనం నాచు అని పిలుస్తున్నా ఇది నిజానికి ఎండతో ఆహారం వండుకునే బ్యాక్టీరియా. ఎండ, నీరు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఉంటే చాలు, బతికేస్తుంది. అందుకే దీనిచేత ఇంధనం, ప్లాస్టిక్ ముడిసరుకు, మందులు చేయించాలని చాలా దేశాల్లో ప్రయత్నిస్తున్నారు. 1996లో జపాన్‌లోని కజుసా సంస్థవాళ్లు సినెకోసిస్టిస్ అనే రకం జీనోమ్‌ను, అంటే దాని జన్యువుల మొత్తం రాతను, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివారు. కిరణజన్య సంయోగక్రియ చేసే జీవుల్లో అలా పూర్తిగా చదివిన మొదటి జీనోమ్ అదే. సుమారు 36 లక్షల అక్షరాలు, మూడు వేలకు పైగా జన్యువులు. వాటిలో చాలా జన్యువులు ఏం పని చేస్తాయో తెలియలేదు. కొన్ని తునకలైతే తమంతట తాము ఒకచోటు నుంచి లేచి మరోచోట దూరతాయి. మనం కష్టపడి పెట్టిన కొత్త జన్యువు మధ్యలో అలాంటి తునక దూరిందంటే ఆ జన్యువు చెడిపోయినట్టే. కాబట్టి అక్కర్లేనివి తీసేస్తే కణం చెప్పినట్టు వింటుందని, మిగిలిన శక్తి మనకు కావలసిన సరుకు తయారీకి మళ్లుతుందని శాస్త్రవేత్తల ఆశ. ఈ. కోలై బ్యాక్టీరియాలో ఇప్పటికే ఇలా దాదాపు 15 శాతం జీనోమ్ తీసేసి, దాన్ని బతికించి చూపించారు.

మరి ఏది అక్కర్లేదో ఎలా తేలుతుంది? ప్యాకెట్ అమ్మేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో శాఖలో సినెకోకాకస్ అనే మరో రకం మీద ఒక్కో జన్యువునూ చెడగొట్టి, కణం బతుకుతుందా చస్తుందా అని చూశారు. 2015లో వచ్చిన లెక్క ప్రకారం సుమారు 2,700 జన్యువుల్లో 718 మాత్రమే తప్పనిసరి. అంటే నాలుగో వంతు. మిగతా మూడొంతులూ దండగేనా అనిపిస్తుంది కదూ! కానీ ఆ పరీక్ష ఆపకుండా వెలుగుతున్న లైటు కింద జరిగింది. తర్వాత అదే ప్రయోగశాలలో కొన్ని గంటలు వెలుతురు, కొన్ని గంటలు చీకటి ఇచ్చి మళ్లీ చూశారు. అంతకుముందు లేకపోయినా ఫర్వాలేదనిపించిన మరికొన్ని జన్యువులు అప్పుడు అవసరమయ్యాయి. రాత్రి రావడం అనే ఒక్క మార్పుకే లెక్క మారింది.

మీ మడిలో రాత్రి ఒక్కటే కాదు కదా. దమ్ము చేస్తారు, నీళ్లు పెడతారు, తీస్తారు, యూరియా చల్లుతారు, నాచును మేసే పురుగులుంటాయి, కోతల తర్వాత నేల నెర్రెలిస్తుంది. మూడు నెలలు ఎండిపోయిన మట్టిలో కూడా ఈ నాచు గట్టి పొర కప్పుకున్న విశ్రాంతి కణాలుగా పడి ఉండి, నీళ్లు తగలగానే లేస్తుంది. ఏడాది పొడుగునా నీళ్లుండే ట్యాంకులో పెంచేవాడికి ఆ విశ్రాంతి కణాల జన్యువులు దండగే. మీకు మాత్రం వచ్చే సార్వాకు విత్తనం అవే.

జన్యువులు పోతే ఏమవుతుందో చూడాలంటే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మీ అజొల్లా గుంట చాలు. అజొల్లా ఆకు పొరలో చిన్న గది ఉంటుంది. అందులో ఒక నీలి ఆకుపచ్చ నాచు కాపురముంటూ గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. తరం మారినప్పుడు అజొల్లా బీజాలతోపాటే తర్వాతి మొక్కలోకి వెళ్తుంది, బయట కాలు పెట్టదు. స్వీడన్ పరిశోధకుల నాయకత్వంలో 2010లో దాని జీనోమ్ చదివితే జన్యువుల్లో దాదాపు 31 శాతం చచ్చుబడి ఉన్నాయి. రాత అలాగే ఉంది, పని మాత్రం పోయింది. నత్రజనిని పట్టే జన్యువులు చెక్కుచెదరలేదు. సొంతంగా తిండి తెచ్చుకోవడానికి కావలసినవి చెడిపోయాయి. అందుకే దాన్ని అజొల్లా నుంచి విడదీసి వేరే పెంచడం కుదరడం లేదు. ఇల్లూ తిండీ అజొల్లా చూసుకుంటోంది కాబట్టి ఆ బతుకు దానికి చెల్లింది. ప్రకృతి చేసిన ఈ కత్తిరింపు అంటే నాకు ఎంతో ఇష్టం. ఈ పనికి ఇంతకంటే మంచి పాఠం మరెక్కడా కనబడలేదు నాకు.

సముద్రంలో ప్రోక్లోరోకాకస్ అని ఇలాంటి నాచే మరొకటుంది. 1980ల చివర్లో బయటపడింది. దానిలో ఒక రకానికి సుమారు 1,700 జన్యువులే. నీటిలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే విషాన్ని విరిచే ఎంజైము కూడా వదిలేసుకుంది. చుట్టుపక్కల బ్యాక్టీరియా ఆ పని చేస్తుంటే వాటి నీడన బతుకుతోంది. ఇన్ని తగ్గించుకున్నా అది రోజుకు ఒకసారి చీలితే ఎక్కువ. అదే సినెకోకాకస్‌లో ఒక రకం మంచి వెలుతురు, వేడి ఉంటే రెండు గంటలకే రెట్టింపవుతుంది. నెమ్మదిగా పెరిగే దాని దగ్గరి చుట్టానికీ దానికీ జీనోమ్‌లో పట్టుమని అరవై చిన్న తేడాలు కూడా లేవు. కాబట్టి జన్యువులు తగ్గితే వేగం పెరుగుతుందన్న మాట నమ్మకండి.

మీరు చల్లే రకాల్లో ఒకటైన అనబీనా సంగతీ చెప్పాలి. పూసల దండలా ఉండే దాని గొలుసులో పది పదిహేను కణాలకొకటి కొంచెం పెద్దదిగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. నత్రజనిని పట్టేది ఆ కణమే. ప్రయోగశాలల్లో వాడే అనబీనా రకంలో అది తయారయ్యేటప్పుడు తన నత్రజని జన్యువు మధ్యలో అడ్డుగా ఉన్న 11 వేల అక్షరాల తునకను తానే కోసి పారేస్తుంది. 1985లో ఇది బయటపడింది. మనిషి చేతిలో అదే పని ఎంత కష్టమో చూడండి. అనబీనా ఒక్క కణంలో జీనోమ్ ఒక ప్రతి కాదు, ఎనిమిది దాకా ఉంటాయి. ఒకదాన్లో కోసినా మిగతా ఏడింటిలో ఆ జన్యువు అలాగే ఉంటుంది. అన్నిటిలోనూ పోయేదాకా తరాల తరబడి వడగట్టుకుంటూ పోవాలి. ఈ పని ఇంకా గాజుసీసాల్లోనే ఉంది, మీ ఇంటికొచ్చి అమ్మే దశకు రాలేదు.

ఇక పదిరెట్ల మాట. మామూలు నాచు బాగా పట్టిన మడిలో హెక్టారుకు 20 నుంచి 30 కిలోల నత్రజని వస్తుందని అంచనా. ఎకరానికి 8 నుంచి 12 కిలోలు, అంటే సుమారు అర బస్తా యూరియా. దానికి పదిరెట్లంటే 80 నుంచి 120 కిలోలు! మన వరికి పంట మొత్తానికీ అంత నత్రజని సిఫారసు చేయం. అంత పడితే చేను పడిపోతుంది, దోమ పడుతుంది. ఇంకో మాట. జన్యువులు మార్చిన సూక్ష్మజీవిని పొలంలో వదలాలంటే 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం జీఈఏసీ, అంటే కేంద్ర పర్యావరణ శాఖలో జన్యుమార్పిడిని పరిశీలించే కమిటీ, అనుమతి ఉండాలి. అతను మళ్లీ వస్తే ఆ కాగితం చూపించమనండి. చూపించలేకపోతే ప్యాకెట్ మీది పేరు, తయారీ తేదీ ఫొటో తీసి మీ మండల వ్యవసాయాధికారికి ఇవ్వండి.

ఆ 900 రూపాయల్లో కొంత సూపర్ ఫాస్ఫేట్‌కు పెట్టండి. వరి మడిలో నత్రజని నిలకడకు ఈ నాచే కారణమని శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే చూపించారు. మీరు వాడుతున్న పద్ధతి వెనుక అన్నేళ్ల పని ఉంది. నాట్లు వేసిన వారానికి ఎకరాకు నాలుగు కిలోల పొడి, నిలిచిన నీళ్లలో సమంగా చల్లండి. ఆ తర్వాత వారం పది రోజులు రెండు మూడు అంగుళాల నీరు ఆరనివ్వకండి. భాస్వరం చాలకపోతే నాచు పట్టదు. చల్లిన వెంటనే యూరియా ఎక్కువ వేస్తే, నత్రజని చేతికి దొరుకుతోంది కదా అని గాలి నుంచి పట్టడం మానేస్తుంది. అందుకే యూరియాను దఫాలుగా, ఆలస్యంగా వేయండి. మూడు నాలుగు పంటలు వరసగా చల్లితేనే నేలలో నిలదొక్కుకుంటుంది. మీకు మూడేళ్లు అయ్యాయి కాబట్టి ఈ సార్వాలో ఒక మడిలో నాలుగో వంతు యూరియా తగ్గించి, పక్క మడితో దిగుబడి పోల్చి చూడండి.

మీ పాత పొడి బతికే ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు గాజు గ్లాసుల్లో మరిగించి చల్లార్చిన నీళ్లు, చిటికెడు సూపర్ ఫాస్ఫేట్ వేయండి. ఒకదాన్లోనే పొడి వేసి, రెండూ మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని వెలుతురులో పెట్టండి. పది పన్నెండు రోజుల్లో పొడి వేసిన గ్లాసులో నీలిపచ్చ పొర తేలకపోతే ఆ పొడి పారేసి కొత్తది తెచ్చుకోండి.