మేటి గోలీ ఎవరో తేల్చే ముందు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ సిరీస్‌ల, అంటే ప్లేఆఫ్స్, చరిత్రలో అందరికంటే మేటి గోల్‌కీపర్ (అక్కడి వాడుకలో గోలీ) ఎవరన్న ప్రశ్నను తెలుగులో, అదీ ఆట మీద ప్రేమతో ఎత్తుకున్నందుకు ముందుగా నిన్ను మెచ్చుకుంటున్నాను. ఈ చర్చను చాలా ఏళ్లుగా వింటూ, అందులో నా వంతు రాస్తూ వచ్చినవాడిని కనుక, నీ వ్యాసం ఎక్కడ నిలబడిందో ఎక్కడ తడబడిందో చెప్పే చనువు తీసుకుంటున్నాను.

నీ వ్యాసం అంకెలతో మొదలైంది. పాట్రిక్ ర్వా ప్లేఆఫ్స్‌లో 151 విజయాలు, మార్టిన్ బ్రోడర్ 24 షటౌట్లు, కెన్ డ్రైడెన్ ఆరు స్టాన్లీ కప్పులు (ప్లేఆఫ్స్ గెలిచిన జట్టుకిచ్చేవి). అంకెల్లో తప్పు లేదు. అయితే ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. నువ్వు మూడింటినీ ఒకే త్రాసులో వేసి తూచావు. విజయం జట్టుది. ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వని షటౌట్‌లో గోలీకి ఎంత వాటా ఉందో, అతని ముందు నిలబడి దారులు మూసిన డిఫెన్స్‌కూ దాదాపు అంత వాటా ఉంది. 'ఎవరు మేటి' అని అడిగే ముందు 'దేనిలో మేటి' అన్నది తేల్చుకోకపోతే, వ్యాసం ఎంత దూరం నడిచినా అది గానుగెద్దు నడకే అవుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఆరు కప్పులనే ఆధారంగా చూపి డ్రైడెన్‌ను శిఖరాన నిలబెట్టాను. అది చదివిన ఒక పెద్దాయన ఉత్తరం రాసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: 1976-77 సీజన్‌లో 80 ఆటలాడి ఎనిమిదింట్లోనే ఓడిన మాంట్రియల్ జట్టులో, లారీ రాబిన్సన్, సెర్జ్ సవార్డ్, గై లపాంట్ వంటి డిఫెన్స్ ఆటగాళ్ల వెనక నిలబడిన మనిషి కప్పు గెలిస్తే, ఆ గెలుపులో అతనిది ఎంత? ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. జవాబు డ్రైడెన్ ఆటలోనే ఉంది, కాని నేను చూడవలసిన ఏడాదిని చూడలేదు. ఆ ఏడాది 1971. ప్లేఆఫ్స్ మొదలయ్యే నాటికి అతను లీగ్‌లో ఆడినవి ఆరంటే ఆరు ఆటలు. మొదటి రౌండ్‌లోనే ఎదురైంది బోస్టన్ బ్రూయిన్స్, ఆ సీజన్‌లో 399 గోల్స్ కొట్టిన జట్టు. అందులో ఫిల్ ఎస్పొజిటో ఒక్కడివే 76, పైగా వెనక నుంచి ఆటను నడిపించేవాడు బాబీ ఆర్. నాలుగు ఆటలు ముందుగా గెలిచినవాళ్లదే సిరీస్; అది ఏడో ఆట దాకా వెళ్లింది. చివరి ఆటను మాంట్రియల్ బోస్టన్ గడ్డ మీదనే 4-2తో గెలిచింది. ఆట ఆగినప్పుడల్లా, ఆరడుగుల నాలుగంగుళాల ఆ కుర్రవాడు తన కర్రను మంచు మీద నిలువుగా నిలిపి, దాని కొన మీద రెండు చేతులూ మోపి, పొలం గట్టున మందను చూసుకునే కాపరిలా నిమ్మళంగా నిలబడేవాడు. ఆ వసంతంలో ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతనికి దక్కింది. ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి మాత్రం మరుసటి ఏడాది వచ్చింది. డ్రైడెన్ పక్షాన వాదించదలచుకుంటే ఈ సిరీస్‌తో మొదలుపెట్టు, కప్పుల లెక్కతో కాదు.

సేవ్ పర్సంటేజీ మీద నీకున్న నమ్మకాన్ని కొంత తగ్గించుకోవాలి. వచ్చిన షాట్లలో ఎన్ని ఆపాడన్నది మంచి కొలతే, కానీ ఒక కాలం వాడిని అదే కాలం వాడితో పోల్చినప్పుడే. లీగ్ ఆ లెక్కను అధికారికంగా కట్టడం మొదలుపెట్టింది 1982-83లో. 2012లో లాస్ ఏంజిల్స్ గోలీ జొనాథన్ క్విక్ సాధించిన 0.946ను 1980ల ఎడ్మంటన్ గోలీ గ్రాంట్ ఫ్యూర్ అంకెల పక్కన పెడితే ఫ్యూర్ చిన్నబోతాడు. ఫ్యూర్ కాలంలో గోలీల ప్యాడ్లు చిన్నవి, ఆట తెరిచిన తలుపులాంటిది. ఎడ్మంటన్ ఆటగాళ్లంతా గోల్ కొట్టడానికి ముందుకు ఉరికితే వెనక మిగిలేది ఫ్యూర్ ఒక్కడే. 5-4తో గెలవవలసిన రాత్రి ప్రత్యర్థి అయిదో గోల్ పడనివ్వకపోవడం అతని పని. 1988 ప్లేఆఫ్స్‌లో అతను 16 ఆటలు గెలిచి రెండే ఓడాడు. ఇంకా వెనక్కి వెళితే, 1952లో డెట్రాయిట్ గోలీ టెర్రీ సాచుక్ ముఖానికి మాస్కు కూడా లేకుండా ఎనిమిది ఆటలాడి ఎనిమిదీ గెలిచాడు. మొత్తం ఇచ్చినవి అయిదు గోల్స్, సొంత రింక్‌లో (మంచు మైదానంలో) ఒక్కటి కూడా ఇవ్వలేదు. అప్పుడు కప్పుకు ఎనిమిది విజయాలు చాలు, ఇప్పుడు పదహారు కావాలి. ఈ తేడా చెప్పకుండా సాచుక్‌ను ఇప్పటివాళ్ల పక్కన నిలబెడితే అతనికీ, వాళ్లకూ అన్యాయమే.

మరి దేన్ని చూడాలి? నా మట్టుకు, జట్టు చేయగలిగింది అయిపోయి, భారమంతా ఒక్కడి మీద పడిన రాత్రులను చూడాలి. ప్లేఆఫ్స్ ఓవర్‌టైమ్‌లో గడువు లేదు. ఇరవై నిమిషాల చొప్పున ఆడుతూనే పోతారు, మొదటి గోల్‌తో ఆట ముగుస్తుంది. అంటే గోలీ చేసే తొలి పొరపాటే చివరిది. 1994 ఏప్రిల్ 27న బఫెలోలో ఆరో ఆట అలాగే నాలుగో ఓవర్‌టైమ్ దాకా సాగింది. బఫెలో గోలీ డొమినిక్ హాషెక్ 70 షాట్లు ఆపాడు, ఒక్కటీ పోనివ్వలేదు. అవతలి గోల్‌లో న్యూజెర్సీ తరఫున నిలబడిన ఇరవై ఒక్కేళ్ల బ్రోడర్ 49 ఆపాడు. యాభయ్యవది డేవ్ హానన్ కర్ర నుంచి వచ్చి లోపలికి వెళ్లింది. హాషెక్ వెన్నుపూసే లేనట్టు ఒళ్లు మెలితిప్పి, కర్ర వదిలేసి, పడుకుని, పొర్లి, ఏ అవయవం దగ్గరుంటే దానితో పక్‌ను, అంటే ఆటలోని రబ్బరు బిళ్ళను, ఆపేవాడు. ఏడో ఆటలో బఫెలో ఓడిపోయింది. ఆ 70 సేవ్‌లు రికార్డు పుస్తకంలో ఉన్నాయి గాని, సిరీస్ ఫలితంలో లేవు. చర్చ ఇక్కడే చిక్కబడుతుంది. నీ వ్యాసం ఇక్కడ ఆగి ఊపిరి పీల్చుకోవాలి.

నా తీర్పు నువ్వు అడిగావు. నేను ర్వా పక్షం. 1993లో అతని జట్టు మాంట్రియల్ మొదటి రౌండ్ మొదటి ఆటను ఓవర్‌టైమ్‌లోనే ఓడిపోయి, ఆ తర్వాత వరసగా పది ఓవర్‌టైమ్ ఆటలు గెలిచి కప్పు అందుకుంది. పదిసార్లు, తొలి పొరపాటే చివరిదైన చోట, అతను ముందుగా తప్పు చేయలేదు. ఫైనల్ నాలుగో ఆట ఓవర్‌టైమ్‌లో, లాస్ ఏంజిల్స్ ఆటగాడు టోమస్ సాండ్‌స్ట్రమ్ షాట్‌ను ఆపి, పక్‌ను కప్పి పట్టుకున్న ర్వా, మీదికొచ్చిన అతన్ని చూసి కన్ను గీటాడు. ఆ ఒక్క క్షణాన్ని రాయగలిగితే నీకు సగం వ్యాసం అక్కరలేదు. ఇరవయ్యేళ్లప్పుడు 1986లో ఒక కాన్ స్మైత్, 1993లో ఇంకొకటి, కొలరాడోకు వెళ్లాక 2001లో మూడోది. మూడుసార్లు ఆ ట్రోఫీ గెలిచినవాడు మరొకడు లేడు.

అయితే నువ్వు కూడా ర్వానే ఎంచుకుని, 2002ను వదిలేశావు. డెట్రాయిట్‌తో ఆరో ఆటలో, పక్ చేతికి చిక్కిందనుకుని అందరికీ చూపిస్తున్నట్టు గ్లవ్‌ను పైకెత్తాడు. పక్ జారి కింద పడింది, గోల్ అయింది. ఏడో ఆటలో ఆరు గోల్స్ ఇచ్చి మధ్యలోనే పక్కకు తప్పుకోవలసి వచ్చింది, కొలరాడో 7-0తో ఓడింది. ఆ రెండు ఆటల్లోనూ అవతల నిలబడి ఒక్క గోల్ ఇవ్వనివాడు, అప్పటికి డెట్రాయిట్‌కు మారిన హాషెక్. నీ వాదానికి అడ్డొచ్చే రాత్రిని నువ్వే ముందుగా చెప్పు. కన్ను గీటిన ధీమా, గ్లవ్ ఎత్తిన తొందర ఒకే మనిషివి. రెండూ చెబితేనే పాఠకుడు నీ ర్వాను నమ్ముతాడు.

భాష సంగతి కొంచెం. 'గోలీ' అనగానే మన పాఠకుడికి పిల్లలాడే గోలీలు గుర్తొస్తాయి. కాబట్టి మొదట గోల్‌కీపర్ అని, అక్కడి వాళ్ల వాడుక గోలీ అని చెప్పి, తర్వాత ధైర్యంగా వాడు. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ అని ఒక్కసారి చెబితే చాలు. ర్వా క్యుబెక్ ఫ్రెంచివాడు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి నువ్వు రాసిన 'రాయ్' తీసెయ్. ప్రతి సేవ్‌కూ క్రికెట్ పోలిక తేవద్దమ్మా. పోలిక తెచ్చిన చోటల్లా పాఠకుడి కన్ను మంచు మీద నుంచి పిచ్ మీదికి వెళ్లిపోతుంది. ఈ మధ్యకాలం వాళ్లలో టాంపా గోలీ వాసిలెవ్‌స్కీకి ఒక పేరా ఇవ్వు. 2020 ఫైనల్ ఆఖరి ఆటతో మొదలుపెట్టి, వరసగా అయిదు సిరీస్‌లను ముగించిన ఆటల్లో అతను ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

చివరగా, 'ఓడిపోయాడు కనుక జిగేర్ ఈ చర్చలోకి రాడు' అన్న నీ వాక్యం నాకు బాధ కలిగించింది. 2003లో అనహైమ్ గోలీ జాన్ సెబాస్టియన్ జిగేర్, అంతకు ముందు ఏడాది కప్పు గెలిచిన డెట్రాయిట్‌పై తన మొట్టమొదటి ప్లేఆఫ్ ఆటలోనే మూడు ఓవర్‌టైమ్‌లు నిలబడి 63 షాట్లు ఆపాడు. మిన్నెసోటాతో నాలుగు ఆటల్లో ఒకే ఒక్క గోల్ ఇచ్చాడు. ఫైనల్ ఏడో ఆటలో న్యూజెర్సీ 3-0తో గెలిచింది; అది ఆ వసంతంలో బ్రోడర్‌కు ఏడో షటౌట్. కాన్ స్మైత్‌కు మాత్రం ఓడినవాడి పేరే పిలిచారు. జిగేర్ వచ్చి ట్రోఫీ అందుకున్నాడు. ముఖంలో నవ్వు లేదు. అది బ్రోడర్‌కే దక్కవలసిందని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల మాటలోనూ బలం ఉంది. ఆ పేరా తిరగరాసి పంపు. ఆ ఫైనల్ మూడో ఆటలో బ్రోడర్ చేతి నుంచి జారిన కర్రకు తగిలి పక్ అతని గోల్‌లోకే వెళ్లిన సంగతి కూడా అందులో ఉండాలి.

ఆశీస్సులతో.