క్రోన్స్ వ్యాధిని యాంటీబయాటిక్ బిళ్లలతోనే నెట్టుకురావచ్చా? నా అనుభవం

మీ తమ్ముడికి 24 ఏళ్లకే చిన్నపేగు చివరి భాగంలో క్రోన్స్ వ్యాధి (పేగు గోడలో ఏళ్ల తరబడి వాపు, పుండ్లు పెట్టే జబ్బు) ఉన్నట్టు తేలిందని, నిరుడు జ్వరంతో పాటు కడుపునొప్పి వచ్చినప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ అనే రెండు యాంటీబయాటిక్‌లు 10 రోజులు వాడితే హాయిగా తగ్గిందని రాశారు. ఇప్పుడు మళ్ళీ నొప్పి, విరేచనాలు మొదలయ్యేసరికి డాక్టరు స్టెరాయిడ్ అని, ఆ తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ (రోగనిరోధక వ్యవస్థను అణచి వాపు తగ్గించే, సెలైన్‌లో ఎక్కించే మందు) అని చెబుతున్నారని, వాటికి భయపడి పాత బిళ్లలతోనే పేగులోని వాపును అదుపులో ఉంచుకోకూడదా అని అడిగారు. నేను డాక్టరును కాను, గుంటూరు జిల్లాలో బడిపంతులును. 2013 నుంచి ఈ జబ్బుతో కాపురం చేస్తున్నాను. మీరు ఇప్పుడు ఆలోచిస్తున్న పనినే నేను 2016, 2017 సంవత్సరాల్లో ఎవరినీ అడగకుండా చేసి చూశాను కాబట్టి ఈ జవాబు రాసే అర్హత కొంత ఉందనుకుంటున్నాను.

ముందుగా తేల్చి చెప్పవలసింది చెబుతాను. చీము పట్టినచోట ఆ మందులు బాగా పనిచేస్తాయి. పేగు గోడలో లోలోపల రాజుకుంటూ ఉండే వాపును మాత్రం అవి ఆర్పలేవు. ఈ రెండూ వేరు వేరని తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర కాలం పట్టింది, ఒక ఆపరేషన్ కూడా అయింది.

నా కథ మందులతోనే మొదలైంది. కుడి పక్క పొత్తికడుపులో నొప్పి, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం, బరువు తగ్గిపోవడం చూసి 2012లో నాకు పేగు క్షయ కావచ్చునని ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. ఆ డాక్టరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మన దేశంలో పేగు క్షయ, క్రోన్స్ రెండూ చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోటునే ఎక్కువగా పట్టుకుంటాయి, కొలనోస్కోపీలో (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్షలో) పుండ్లు చూసినా, ముక్క తీసి పరీక్ష చేసినా చాలాసార్లు తేడా తేలదు. అందుకే తేలని సందర్భాల్లో కొన్ని వారాలు టీబీ మందులిచ్చి, మళ్ళీ కొలనోస్కోపీ చేసి, పుండ్లు మానాయా లేదా అని చూడటం ఇక్కడి పద్ధతి. నా విషయంలో ఆ రెండో చూపు జరగలేదు. మొదటి రెండు నెలల్లో ఆకలి పెరిగి నాలుగు కిలోలు ఎక్కాను, దాంతో మందు పట్టిందని అందరం నమ్మి నిశ్చింతగా కూర్చున్నాం. ఆరు నెలల కోర్సు ముగిసిన కొద్ది వారాలకే నొప్పి తిరిగివచ్చింది. హైదరాబాదులో మళ్ళీ పరీక్షలు చేసి, 2013లో క్రోన్స్ అని పేరు పెట్టారు. ఒంట్లో హాయిగా ఉండటం వేరు, పుండు మానడం వేరు అన్న పాఠం నాకు అప్పుడే రావలసింది, కాని రాలేదు.

ఆ తర్వాత మూడేళ్లు అజాథయోప్రిన్ మీద బాగానే గడిచింది. 2016లో ఒకసారి జ్వరం, నొప్పి వస్తే, స్కాన్‌లో పేగు పక్కన చిన్న చీముగడ్డ ఉన్నట్టుందని సరిగ్గా మీ తమ్ముడికి ఇచ్చిన రెండు మందులే నాకూ ఇచ్చారు. నాలుగో రోజుకు జ్వరం పోయింది, వారంలో అన్నం రుచించింది. ఇంకేముంది, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ ఎందుకు మింగాలి, నొప్పి వచ్చినప్పుడల్లా ఈ బిళ్లలు నాలుగు రోజులు వేసుకుంటే పోదా అని నాకు నేనే వైద్యుణ్ణయిపోయాను. పాత చీటీ చూపిస్తే మా ఊరి మెడికల్ షాపు కుర్రాడు అడ్డు చెప్పేవాడు కాదు. అలా విడతలు విడతలుగా మొదలైన వాడకం 2017 వేసవికల్లా మెట్రోనిడజోల్ రోజూ మూడు పూటలా వేసుకునే వరకు వచ్చింది, అలా నాలుగు నెలలు వాడాను.

మెట్రోనిడజోల్ వాడిన వారికి ఆ నోటి రుచి చెప్పనక్కరలేదు. మా ఇంట్లో పచ్చిపులుసు చేసిన రోజున కూడా కళాయి పోయిన ఇత్తడి గిన్నెను నాకుతున్నట్టే ఉండేది, నాలుక మీద తెల్లని పూత పేరుకునేది. అంతవరకు ఓర్చుకున్నాను. ఒకరోజు బడి నుంచి ఇంటికి వచ్చి గుమ్మం ముందు చెప్పులు విడవబోతే ఎడమ కాలికి చెప్పు లేదు. వెనక్కి తిరిగి చూస్తే పాతిక అడుగుల దూరంలో వీధి మధ్యలో పడి ఉంది. అది జారిపోయిన సంగతి గాని, మే నెల ఎండకు కాలిన సిమెంటు రోడ్డు మీద ఒట్టి కాలితో నడిచిన సంగతి గాని నాకు తెలియలేదు. ఆ రాత్రి మా ఆవిడ దువ్వెన పళ్ళతో అరికాలు గీరి చూస్తే, బొటనవేలి నుంచి పాదం సగం వరకు మొద్దుబారి ఉంది. మెట్రోనిడజోల్ ఎక్కువ కాలం వాడితే నరాలు దెబ్బతిని ఇలా తిమ్మిర్లు, స్పర్శ పోవడం జరుగుతాయని, మందు మానేస్తే చాలావరకు తిరిగివస్తుందని, కొందరికి పూర్తిగా రాకపోవచ్చని తర్వాత న్యూరాలజిస్టు చెప్పారు. నాకు తిరిగిరావడానికి ఏడాదికి పైగా పట్టింది, ఎడమ బొటనవేలి కొన ఈనాటికీ సగమే నాది.

కాలు సంగతి చూడటానికి వెళ్ళిన నన్ను పేగు డాక్టరు వదలక, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) పరీక్ష, స్కాన్ చేయించారు. నేను అదుపులో ఉందనుకున్న జబ్బు ఆ ఏడాదిన్నరలో తన పని తాను చేసుకుపోయింది. కాల్‌ప్రొటెక్టిన్ విపరీతంగా పెరిగి ఉంది, చిన్నపేగు చివర వేలెడు పొడుగున గోడ దళసరెక్కి దారి సన్నబడింది. మరి ప్రతిసారీ నాకు హాయి ఎలా కలిగిందని అడిగాను. సన్నబడిన చోటుకు పైభాగంలో తిన్నది నిలవవుండి అక్కడ బాక్టీరియా పెరిగి ఉబ్బరం, విరేచనాలు తెస్తాయని, యాంటీబయాటిక్ ఆ బాక్టీరియాను కొన్నాళ్లు తగ్గిస్తుందని, దాంతో ఉబ్బరం తగ్గి జబ్బే తగ్గినట్టు అనిపిస్తుందని ఆయన వివరించారు. క్రోన్స్‌లో పేగులోని సూక్ష్మజీవుల పాత్ర ఉన్నమాట నిజమే, కాని పుండ్లు పెట్టేది వాటిపై అతిగా తిరగబడే మన సొంత రోగనిరోధక వ్యవస్థ.

ఆ తర్వాత నేను చదువుకున్నది కూడా ఆ మాటనే బలపరిచింది. కెనడాలో 2002లో వెలువడిన ఒక పరిశోధనలో, మీ తమ్ముడిలాగే చిన్నపేగు చివర జబ్బు ఉన్న 134 మందికి బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇస్తూ, సగం మందికి అదనంగా ఈ రెండు యాంటీబయాటిక్‌లు కలిపి ఇచ్చి చూస్తే అదనపు ప్రయోజనం కనిపించలేదు, పైగా అవి వాడినవారిలో అయిదింట ఒకరు దుష్ప్రభావాల వల్ల మానేయవలసి వచ్చింది. పెద్దపేగులో జబ్బు ఉన్నవారికి కొంత మేలు ఉండవచ్చునన్న సూచన మాత్రం అందులో ఉంది. పశువులకు జోన్స్ వ్యాధి తెచ్చే క్షయజాతి బాక్టీరియానే క్రోన్స్‌కు కూడా మూలమన్న వాదన ఒకటి మీకు ఎక్కడైనా తగలవచ్చు. ఆ వాదనను పరీక్షించడానికి ఆస్ట్రేలియాలో 213 మందికి, మొదట స్టెరాయిడ్‌తో పాటు, మూడు రకాల యాంటీబయాటిక్‌లను గాని ఉత్తుత్తి మాత్రలను గాని ఇచ్చి రెండేళ్లు చూశారు. 16 వారాలకు యాంటీబయాటిక్‌లు వాడినవారిలో 66 శాతం, మిగిలినవారిలో 50 శాతం ఉపశమనంలో ఉన్నారు గాని, ఆ తేడా తర్వాత నిలవలేదని 2007లో ప్రకటించారు. ముందు తగ్గి, ఆనక నిలవకపోవడం చదువుతుంటే నా డైరీయే చదువుతున్నట్టు అనిపించింది.

అయితే ఈ బిళ్లల మీద నాకు పగ లేదు. 2018లో మలద్వారం పక్కన గడ్డ లేచి, కూర్చోలేక, నిలబడి పాఠాలు చెప్పి, చివరికి జ్వరంతో ఆస్పత్రిలో చేరాను. ఎమ్మారై తీసి, గడ్డ కోసి చీము తీసి, ఫిస్టులా (పేగు నుంచి చర్మం దాకా ఏర్పడే సొరంగం లాంటి రంధ్రం) దారిలో సీటన్ అనే దారం వేశారు. అప్పుడు నాకు ఇచ్చింది అవే సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్, కాకపోతే కాలి నరాల సంగతి చూసుకుని మెట్రోనిడజోల్‌ను వారానికే ఆపేసి, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రం ఎక్కువ వారాలు వాడారు. ఈ విషయంలో వాటి చరిత్ర పాతదే. 1980లోనే అమెరికాలో మలద్వారం చుట్టూ క్రోన్స్ ఉన్న 21 మందికి మెట్రోనిడజోల్ ఇస్తే స్రావం, నొప్పి తగ్గాయి, కాని మోతాదు తగ్గించగానే చాలామందికి తిరగబెట్టింది. అందుకని ఈ మందును ఒంటరిగా వదలకుండా, చీము పోయాక ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందును జోడిస్తారు. నాకు టీబీ లేదని రక్తపరీక్ష, ఛాతీ స్కాన్‌తో రూఢి చేసుకుని ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను 0, 2, 6 వారాల్లో, ఆపైన 8 వారాలకొకసారి సెలైన్‌లో ఎక్కించారు. ఏడాది తర్వాత చేసిన కొలనోస్కోపీలో పుండ్లు మానిపోయి ఉన్నాయి. సన్నబడిన భాగం మాత్రం సన్నగానే ఉంది, ఆ మచ్చ ఏ మందుకూ కరగదని చెప్పారు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. నిరుడు జ్వరం వచ్చిందంటే అప్పుడు చీము గాని ఇన్ఫెక్షన్ గాని ఉండి ఉండవచ్చు, కనుక అప్పుడు ఆ మందులు పనిచేయడంలో వింత లేదు. ఇప్పుడు జ్వరం ఉందని మీరు రాయలేదు. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు కడుపులో చీముగడ్డ లేదని స్కాన్‌తో తేల్చుకున్నారా అని డాక్టరును అడగండి, ఎందుకంటే చీము ఉండగా స్టెరాయిడ్ ఇస్తే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. అక్కడ గడ్డ కనిపిస్తే ముందు యాంటీబయాటిక్, అవసరమైతే సూదితో చీము తీయడం, తర్వాతే మిగతావి. విరేచనాలు ఎక్కువగా ఉంటే మలపరీక్షలో క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా కోసం కూడా చూడమని అడగండి. యాంటీబయాటిక్‌లు వాడినవారికి పట్టే ఈ ఇన్ఫెక్షన్ అచ్చం క్రోన్స్ తిరగబెట్టినట్టే కనిపిస్తుంది.

ఒకవేళ సిప్రోఫ్లాక్సాసిన్ మళ్ళీ రాస్తే, స్టెరాయిడ్‌తో కలిసినప్పుడు మడమ వెనుక, పిక్క కండను మడమ ఎముకకు కలిపే లావుపాటి స్నాయువు వాచే, అరుదుగా తెగే ప్రమాదం పెరుగుతుందని గుర్తుంచుకోండి. మెట్లెక్కేటప్పుడు అక్కడ నొప్పి మొదలైతే మరుసటి బిళ్ల వేసుకోకుండా ఫోన్ చేయవలసిందే. మీ తమ్ముడు రక్తహీనతకు ఐరన్ బిళ్లలు వాడుతున్నారని రాశారు. ఐరన్, కాల్షియం, పాలు సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఒంటికి పట్టనివ్వవు కాబట్టి, వాటికి 2 గంటల ముందు గాని 6 గంటల తర్వాత గాని వేసుకోవాలి. మెట్రోనిడజోల్ మీద ఉన్నన్నాళ్లు మద్యం ముట్టకూడదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అంటే మీకున్న భయం నాకూ ఉండేది. మొదటిసారి సూది గుచ్చుతుంటే కళ్ళు మూసుకున్నవాణ్ణి, ఇప్పుడు ఆ రెండు గంటల్లో జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు నిరుడు వాడిన బిళ్లల ఖాళీ స్ట్రిప్పులు, మధ్యలో మీ తమ్ముడు సొంతంగా కొని వేసుకున్నవి ఏమైనా ఉంటే అవి కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి. నేను ఏడాదిన్నర పాటు ఆ సంగతి దాచాను, డాక్టరేమో నాకు ఎప్పుడు జ్వరం వచ్చిందో, ఎందుకు తగ్గిందో తెలియక తికమకపడ్డారు.