మా అక్క ఫోన్లో వీచాట్

‘దేశాల మధ్య టెక్నాలజీ గొడవలతో మామూలు ఫోన్ వాడేవాళ్లకు ఏమైనా తేడా పడుతుందా, లేక అదంతా టీవీ చర్చల వరకేనా?’ అని అడిగారు. పడుతుంది. ఫోన్ల ధరలు పెరుగుతాయనీ అప్‌డేట్లు ఆగిపోతాయనీ అందరూ అంటారు గానీ, నా లెక్కలో అవి చిన్న విషయాలు. అసలు దెబ్బ మనుషుల మధ్య మాటలకు పడుతుంది. మా ఇంట్లో పడింది కాబట్టి చెబుతున్నా.

నాది కోదాడలో జిరాక్స్ షాపు. మా అక్క కూతురు 2018లో ఎంబీబీఎస్ చదవడానికి చైనా వెళ్లింది. అక్కడ వాట్సాప్ బ్లాక్ కదా, వెళ్లేముందే వాళ్లమ్మ ఫోన్లో వాట్సాప్ లాంటి చైనా యాప్ వీచాట్ వేసి పోయింది. టెన్త్ కూడా చదవని మా అక్క అందులో స్టిక్కర్లు పంపడం దాకా నేర్చుకుంది.

2020 జనవరిలో సెలవులకొచ్చిన పిల్ల కరోనాతో ఇక్కడే ఉండిపోయింది. క్లాసులన్నీ ఆన్‌లైన్. చైనా టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. వాళ్ల ఎనిమిదింటి క్లాసంటే మనకు తెల్లారి ఐదున్నర. అక్క వాళ్ల ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదని మా ఇంట్లోనే ఉంచుకున్నాం. క్లాసు లింకు, అసైన్‌మెంట్లు, పరీక్ష తేదీలు అన్నీ వీచాట్ గ్రూపులోనే వచ్చేవి.

జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ. అందులో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు మా సూర్యాపేట బిడ్డ. ఆ నెల 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు నేనూ చప్పట్లు కొట్టినవాణ్నే, ఇప్పటికీ అది తప్పనను. కాకపోతే ఆ జాబితాలో నాకు టిక్‌టాక్ ఒక్కటే కనబడింది. వీచాట్ కూడా ఉందని రాత్రి అన్నాల దగ్గర పిల్ల చెబితేనే తెలిసింది.

కొన్నాళ్లు ఎలాగో నడిచింది. జూలై చివర్లో ఒక పొద్దున పిల్ల ఫోన్ పట్టుకొని నా దగ్గరికొచ్చింది. భారత చట్టం ప్రకారం సేవలు ఇవ్వలేమని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క, లాగవుట్. "మామయ్యా, ఇవాళ వైవా ఉంది. లింకు దాంట్లోనే వస్తది" అంది. ఏడవలేదు. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసింది, మళ్లీ చేసింది. నాకు తెలిసిన రిపేరు కూడా అదొక్కటే. కాలేజీకి మెయిల్ పెడితే నాలుగు రోజులకు జవాబొచ్చింది: వివరాలు వీచాట్ గ్రూపులో ఉన్నాయి, చూసుకోండి అని!

చివరికి దారి నేపాల్‌లో దొరికింది. రూమ్మేట్‌ది ఖాట్మండు. అక్కడ వీచాట్ నడుస్తోంది. ఆ అమ్మాయి ప్రతి నోటీసునూ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపేది, ఈ పిల్ల లింకును అక్షరం అక్షరం చూసుకుంటూ టైప్ చేసేది. ఓ అనే అక్షరం బదులు సున్నా కొట్టి ఒకరోజు క్లాసు పోగొట్టుకుంది.

అదే సమయంలో మా చుట్టాల గ్రూపులో ఒకాయన చైనా సరుకు కొనొద్దని రోజూ ఫోటోలు పెట్టేవాడు. ఏ ఫోన్‌తో తీశాడో ఫోటో మూలన ఆ కంపెనీ పేరే ఉండేది. ఇక నా షాపు బాధ వేరు. కాగితాలు స్కాన్ చేసే కామ్‌స్కానర్ యాప్ కూడా ఆ 59లోదే. అంతకుముందు జనం ఆధార్, మెమోలు శుభ్రంగా స్కాన్ చేసి పంపేవాళ్లు. ఆ తర్వాత దుప్పటి పూలతో సహా ఫోటోలు తీసి పంపి, "అన్నా, నల్లగొస్తోంది ఏంది?" అని నన్నే అడిగేవాళ్లు.

చైనా ఫోన్ల కంపెనీ హువావే సంగతి కూడా ఇలాంటిదే. 2019 మేలో అమెరికా దాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టాక, ఆ కంపెనీ కొత్త మోడళ్లలో గూగుల్ ప్లే స్టోర్ లేకుండా పోయింది. కెమెరా ఎంత గొప్పదైనా యూట్యూబ్, మ్యాప్స్ మామూలుగా రాని ఫోన్‌ను మన ఊళ్లో ఎవడు కొంటాడు? అన్ని గొడవలూ నష్టమేనని కూడా అననులెండి. ఐరోపా వాళ్లు పట్టుబట్టి చట్టం చేశాక ఐఫోన్ 15 నుంచి టైప్-సి వచ్చింది. ఛార్జర్ అడుక్కునే బాధ ఒకటి తగ్గింది.

2022లో చైనా మళ్లీ వీసాలు ఇవ్వడం మొదలుపెట్టాక పిల్ల వెళ్లిపోయింది. ఇక్కడ వీచాట్ లేదు, అక్కడ వాట్సాప్ రాదు. బ్లాక్‌ను దాటించే వీపీఎన్ తగిలిన రోజు వీడియో కాల్, తగలని రోజు మా అక్క నాకు ఫోన్ చేసి "పిల్ల పలుకుతలేదు తమ్ముడూ" అనేది. ఆకుపచ్చ మీద రెండు తెల్ల బుడగల ఆ బొమ్మ ఇప్పటికీ ఆమె ఫోన్లో మొదటి పేజీలోనే ఉంది. పనిచేయనిది ఎందుకు, తీసేస్తానంటే ఫోన్ నా చేతికివ్వదు.