జాబ్ కార్డులో లేని జబ్బు

ప్రశ్న: సార్, మాది విజయవాడ. చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కారంటే పిచ్చి. 2023 ఆగస్టులో హైదరాబాద్ షోరూంలో 84 లక్షలు పెట్టి రెండు సీట్ల టర్బో పెట్రోల్ కారు కొన్నాను. ఆడిటర్ గారి సలహా మీద బిల్లు మా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరున తీసుకున్నాం. నడిపేది మాత్రం నేనే. మూడేళ్ల వారంటీ ఉంది. పది నెలలు తిరక్కుండానే ఇంజన్ లైటు వెలగడం, పికప్ ఒక్కసారిగా పడిపోవడం, బండి దడదడ కొట్టుకోవడం మొదలైంది. బాగా వేడెక్కాక మూడో గేరులో గట్టిగా తొక్కితే 80 స్పీడులోనే వస్తుంది. ఓఆర్ఆర్ మీద 160 దాటితే ఖాయంగా వస్తుంది. ఐదుసార్లు వర్క్‌షాప్‌లో ఇచ్చాను. ఒకసారి కాయిల్స్ మార్చారు, ఒకసారి ప్లగ్గులు మార్చి సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, మొన్న మాత్రం "మాకేమీ కనిపించలేదు, పెట్రోల్ కల్తీ అయ్యుంటుంది" అన్నారు. ఆన్‌లైన్‌లో కారు కోడ్లు చదివే స్కానర్ కొనుక్కుని, లైటు వెలిగినప్పుడల్లా నేనే ఆర్పుకుంటున్నాను. కాలిఫోర్నియాలో ఉన్న మా బావ, అక్కడైతే నాలుగుసార్లు రిపేరుకు పోయిన బండికి డబ్బు వెనక్కి ఇస్తారని చెప్పాడు. తెలిసిన ట్యూనర్ ఒకాయన ఈసీయూ రీమ్యాప్ చేస్తే, అంటే ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చేస్తే, రెండు గంటల్లో సమస్య పోతుందని, కావాలంటే ఇంజన్ విప్పి లోపం ఏమిటో లెటర్‌హెడ్ మీద రాసిస్తానని అంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టమని స్నేహితులు పోరుతున్నారు. వారంటీ ఈ ఆగస్టు దాకా ఉంది కదా, అప్పటిదాకా చూసి కేసు వేద్దామని నా ఆలోచన. శనివారం మళ్లీ డెలివరీకి రమ్మన్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడు పేజీలు మీ బాధే. వాటిని పక్కన పెట్టి, మీరు జత చేసిన ఐదు జాబ్ కార్డులు, అంటే వర్క్‌షాప్ వాళ్లు రాసిచ్చిన కాగితాలు, ముందు చదివాను. రేపు వినియోగదారుల కమిషన్ సభ్యులు చదివేదీ వాటినే.

ఐదుసార్లు ఇచ్చానని మీరు రాశారు. కాగితం మీద ఇంజన్ జబ్బుకు ఇచ్చినవి మూడే. 2024 జూన్ 11 నాటి మొదటి కార్డులో "ఇంజన్ లైట్, పికప్ లాస్" అని మీ ఫిర్యాదు ఉంది. మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగా మండకపోవడం) కోడ్ వచ్చిందని, కాయిల్స్ వారంటీలో మార్చామని కింద రాశారు. బంగారం లాంటి కార్డు అది. నవంబర్‌లో ఇచ్చిన రెండో కార్డులో "జనరల్ చెకప్" అని తప్ప మరో మాట లేదు. 2025 ఏప్రిల్ కార్డులో మళ్లీ మిస్‌ఫైర్, ప్లగ్గులు, సాఫ్ట్‌వేర్. సెప్టెంబర్ కార్డులో "ఏసీ కూలింగ్ తక్కువ" అనే ఉంది, ఇంజన్ ఊసే లేదు. మొన్న జనవరిది "లోపమేమీ కనబడలేదు, పెట్రోల్ నాణ్యత చూసుకోమని చెప్పడమైనది" అంటోంది. సర్వీస్ అడ్వైజర్‌కు నోటితో అన్నీ చెప్పానంటారు. చెప్పే ఉంటారు. కానీ కార్డులో మీ ఫిర్యాదు రాసుకునే కస్టమర్ వాయిస్ గడిలోకి ఎక్కని మాటకు కేసులో విలువ లేదు. పైగా ఐదింటి వెనకా "పని సంతృప్తికరంగా జరిగింది" అన్న అచ్చు వాక్యం కింద మీ సంతకం ఉంది. 84 లక్షల కారుకు సంబంధించిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టే మనిషి, తన కంపెనీలో వెయ్యి రూపాయల వోచర్ మీద అలా పెడతాడా?

మీ కేసు తేలేది ఒక్క చోటే. వారంటీ నడుస్తుండగా ఒకే లోపం, ఒకే సిలిండర్‌లో, రిపేరు చేశాక కూడా తిరిగి వచ్చిందని కంపెనీ సొంత కాగితాలే చెప్పాలి. రెండు కార్డులు ఇప్పటికే ఆ మాట చెబుతున్నాయి. కాయిల్స్, ప్లగ్గులు డబ్బు తీసుకోకుండా మార్చారంటే లోపం ఉందని వాళ్లు ఒప్పుకున్నట్టే. అయితే అది తయారీలో వచ్చిన లోపమని ఒప్పుకున్నట్టు కాదు. ఆ తేడా దగ్గరే చాలా కార్ల కేసులు ఓడిపోతాయి. నిరూపించే బరువు మీది.

ఇక తేదీ సంగతి. ఆగస్టు దాకా ఆగుదామన్నారు. ఆగితే మునుగుతారు. వారంటీ గడువు వేరు, కేసు వేసే గడువు వేరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. మీకు ఆ కారణం పుట్టింది 2024 జూన్ 11న అని అవతలి లాయరు లెక్కపెడతాడు. ఆ లెక్కన గడువు 2026 జూన్ 11తో సరి. వారంటీ ముగియడానికి రెండు నెలల ముందే మీ కేసుకు కాలం చెల్లుతుందన్నమాట. ప్రతి రిపేరుకూ కారణం కొత్తగా పుడుతుందని మనం వాదించవచ్చు. ఆ వాదన ఉందని ధీమాగా కూర్చోవడం మాత్రం తెలివితక్కువ పని. ఈమెయిళ్లు, లీగల్ నోటీసు, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదు – వీటిలో ఏదీ గడియారాన్ని ఆపదు. అవతలివాళ్లు కాలదోషం ఊసెత్తకపోయినా కమిషనే చూడాలని 2009లో ఎస్‌బీఐ వర్సెస్ బీఎస్ అగ్రికల్చరల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది. వారంటీ ఉంది కదా అని ఊరుకున్నానంటే అది తగిన కారణమని ఒప్పించడం కష్టం.

ఇప్పుడు ఆ స్కానర్ గురించి. దీనికి మాత్రం మిమ్మల్ని కోప్పడక తప్పదు. ఇంజన్‌లో మిస్‌ఫైర్ వచ్చి లైటు వెలిగినప్పుడు కారులోని కంప్యూటర్ కోడ్ ఒక్కటే దాచుకోదు. ఆ క్షణంలో ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, బండి ఏ వేగంలో ఉంది, ఎంత లోడు పడింది అన్నవన్నీ పట్టి ఉంచుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు దాన్ని. మీరు క్లియర్ నొక్కి లైటు ఆర్పిన ప్రతిసారీ అదంతా తుడిచిపెట్టుకుపోయింది. ఇంట్లో దొంగలు పడితే పోలీసులు వచ్చేలోపు ఇల్లు కడిగేసి, వేలిముద్రలు దొరకలేదేమని అడిగినట్టుంది మీ వ్యవహారం. వర్క్‌షాప్ వాళ్లకు ఏమీ కనిపించలేదంటే సగం పాపం మీదే. కోడ్లు తుడిచాక కారు తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. అవి అసంపూర్తిగా ఉంటే ఎవరో చెరిపారని టెక్నీషియన్‌కు ఇట్టే తెలిసిపోతుంది. ఈసారి లైటు వెలిగితే ముట్టుకోకండి. ఓడోమీటరు, లైటు ఒకే ఫ్రేములో పడేలా పక్కవాళ్లతో వీడియో తీయించి, తిన్నగా వర్క్‌షాప్‌కు తీసుకెళ్లండి. తీసిన ఫోను దాచండి. ఆ వీడియోకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది.

ఆ ట్యూనర్ దగ్గరికి మాత్రం వెళ్లనే వెళ్లొద్దు. రీమ్యాప్ చేసిన మరుక్షణం వారంటీ మీద మీ హక్కును మీ చేతులతో మీరే పాతిపెట్టినట్టు. ఆ తర్వాత పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించినా జాడ పోదు. ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్కపెట్టే కంప్యూటర్లు ఇలాంటి కార్లలో ఉంటాయి. ఇంజన్ విప్పడం ఇంకా ఘోరం. ఒకసారి బయట విప్పిన ఇంజన్‌లో లోపం తయారీలో వచ్చిందా, విప్పినవాడి చేతిలో వచ్చిందా అని ఏ నిపుణుడూ తేల్చి చెప్పలేడు. ఆయన ఇచ్చే లెటర్‌హెడ్‌ను అవతలి లాయరు పటం కట్టించుకుని దాచుకుంటాడు.

చీటింగ్ కేసు అంటారా? మన హైదరాబాద్ కథే ఒకటి చెబుతాను. 2009 సెప్టెంబర్‌లో ఒక సంస్థ బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులకే లోపం బయటపడింది, నవంబర్‌లో మళ్లీ వచ్చింది. వాళ్లు మోసం కింద పోలీసు కేసు పెట్టారు. 2012లో హైకోర్టు ఆ కేసును కొట్టేస్తూనే కొత్త కారు ఇమ్మంది. కంపెనీ ఇస్తానంది, వీళ్లు మాకు డబ్బే కావాలన్నారు. చివరికి 2024 జూలైలో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించి ముగించింది. కొన్న నాటి నుంచి దాదాపు పదిహేనేళ్లు! మోసం నిలబడాలంటే అమ్మేనాటికే మోసగించే ఉద్దేశం ఉండాలి. మూడుసార్లు ఉచితంగా రిపేరుకు తీసుకున్నవాడికి ఆ ఉద్దేశం అంటగట్టలేరు.

మీ బావగారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాలిఫోర్నియాలో పద్దెనిమిది నెలలు లేదా 18,000 మైళ్ల లోపు ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరుకు వెళితే బండి లోపభూయిష్టమని చట్టమే అనుకుంటుంది. మన దేశంలో అటువంటి లెక్క లేదు. పైగా వారంటీ అంటే చెడిన భాగం మార్చడమే, కారు మార్చడం కాదని 2006లో మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు అంది. అలాగని తలుపు పూర్తిగా మూసుకోలేదు. సీఎన్ అనంతరామ్ వర్సెస్ ఫియట్ ఇండియా కేసులో స్వతంత్ర నిపుణుడి చేత పరీక్ష చేయించి, తయారీ లోపమని తేలితే కారు ధర వడ్డీతో సహా వాపసు చేయాలని ఆదేశించింది కూడా అదే కోర్టు. కాబట్టి ఫిర్యాదులో ధర వాపసు అడగండి. అది కాదంటే కొత్త ఇంజన్, దానికి వేరే వారంటీ, నష్టపరిహారం అని ప్రత్యామ్నాయంగా అడగండి. డబ్బు తప్ప ఏదీ వద్దని పట్టుబడితే పై కథే మీకూ జరుగుతుంది.

బిల్లు కంపెనీ పేరున ఉండటం తలనొప్పే గానీ ప్రాణాంతకం కాదు. డైరెక్టర్ వాడుకకు కంపెనీ కారు కొంటే అది వాణిజ్య ప్రయోజనం కాదని, కాబట్టి కంపెనీ కూడా వినియోగదారే అని 2024 జూలైలో డైమ్లర్ క్రైస్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఫిర్యాదీ మీరు కాదు, కంపెనీ. బోర్డు తీర్మానం చేయించి, మీకు అధికారం ఇప్పించుకోండి. చెల్లించిన ధర 50 లక్షలు దాటి 2 కోట్ల లోపు ఉంది కాబట్టి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. బిల్లు వెనక "ముంబై కోర్టుల పరిధి" అని ఉందని కంగారు పడొద్దు. మీ కంపెనీ ఉన్న ఆంధ్రప్రదేశ్‌లోనే వేయొచ్చు. ఫీజు 2,000 రూపాయలు, దాఖలు ఈ-జాగృతి పోర్టల్‌లో. డీలరునూ, ఇండియాలో ఆ కార్లు అమ్మే కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఒకరిని వదిలేస్తే రెండోవారు వదిలేసినవారి మీదకు నెట్టేస్తారు.

దాఖలుకు ముందు ఒక్క పని చేయాలి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం "బాగా వేడెక్కాక, మూడో గేరులో, 80 స్పీడులోనే" అన్నది. దాన్ని ఒక మూలన పడేసి, ఓఆర్ఆర్ మీద 160 దాటిన ఘనత డీలరుకు ఈమెయిల్లో కూడా రాశారు. అక్కడ పరిమితి 120. ప్రతివాదుల జవాబుకు మొదటి అనుబంధం అదే అవుతుంది, చూస్తూ ఉండండి. పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో పది నిమిషాలు తిప్పితే ఈ జబ్బు బయటపడదు. అందుకని మేనేజరుకు రాతపూర్వకంగా కోరండి. టెక్నీషియన్ పక్కన కూర్చుని, స్కానర్ తగిలించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఏసీ వేసి, మూడో గేరులో ఉమ్మడి టెస్ట్ డ్రైవ్ చేయాలి. రికార్డయిన డేటా కాపీ మీకు ఇవ్వాలి. మూడో సిలిండర్ కాయిల్‌ను వేరే సిలిండర్‌కు మార్చి చూశారా? మిస్‌ఫైర్ దానితో పాటు కదిలితే కాయిల్ లోపం. కదలకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, సిలిండర్ కంప్రెషనో చూడాలి. కంప్రెషన్ టెస్టు, లీక్ డౌన్ టెస్టు చేశారా? చేస్తే ఒక్కో సిలిండర్‌కు వచ్చిన అంకెలు అడగండి. "ఓకే" అన్న మాట వద్దు, అంకెలే కావాలి. పెట్రోల్ కల్తీ అంటున్నారు కదా, ట్యాంకులోంచి శాంపిల్ తీసి పరీక్ష చేయించారేమో కూడా అడగండి. చేయించి ఉండరు. కారు మాన్యువల్‌లో ఎంత ఆక్టేన్ పోయమన్నారో చూసుకుని, మీ బంకు బిల్లులు వెతికి పెట్టుకోండి.

వాళ్లు ఒప్పుకుంటే మీ చేతికి సాక్ష్యం వస్తుంది. ఒప్పుకోకపోతే ఆ నిరాకరణే సాక్ష్యం. పదిహేను రోజులు చూసి, మార్చి నెలాఖరులోగా దాఖలు చేయండి. దాంతో పాటే 38వ సెక్షన్ కింద నిపుణుడి పరీక్షకు దరఖాస్తు పెట్టండి. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థ పేరు మనమే సూచించవచ్చు. పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు, అందుకు సిద్ధంగా ఉండండి. కారును కోపంతో వర్క్‌షాప్‌లో వదిలేయొద్దు, పార్కింగ్ చార్జీలు మీ మీదే వేస్తారు. అవసరం లేని తిరుగుడు కూడా తగ్గించండి. ఓడోమీటరు పెరిగేకొద్దీ ధర వాపసు అడిగే గొంతు తగ్గుతుంది.

శనివారం డెలివరీకి వెళ్లినప్పుడు సంతృప్తి పత్రం మీ ముందు పెడతారు. దాని మీద "సమస్య తీరలేదు, పరీక్ష ఫలితాలు ఇవ్వలేదు" అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. అలా రాస్తే గేట్ పాస్ ఇవ్వబోమని వాళ్లంటే వాదించకండి, అదే మాట అక్కడి నుంచే ఈమెయిల్ చేయండి. జాబ్ కార్డు రెండు వైపులా ఫొటో తీసుకోండి. ఆ స్కానర్‌ను మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.