ఇండియాలో బ్రిటిష్‌వాళ్ళు వేసిన రైళ్ళను మార్క్సే మెచ్చుకున్నాడు కదా, మరి మార్క్సిస్టులు వలస పాలనను ఎందుకు తప్పుపడతారు?

మార్క్స్ మెచ్చుకున్న మాట నిజమే, కానీ ఎప్పుడన్నాడో చూడాలి. 1853లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌కి రాస్తూ, రైలు వస్తే ఇండియాలో ఆధునిక పరిశ్రమ పుడుతుందని ఆశపడ్డాడు. అక్కడా ఒక మెలిక ఉంది: బ్రిటన్‌లో కార్మికులు అధికారంలోకి రావాలి, లేదా భారతీయులే ఆ పాలనను వదిలించుకోవాలి, అంతవరకు ఆ ఫలం మనకు అందదన్నాడు. 1881లో రష్యన్ ఆర్థికవేత్త డేనియల్సన్‌కి రాసిన ఉత్తరంలో అయితే, ఆ రైళ్ళు భారతీయులకు పనికిరానివనీ, వాటి మీద డివిడెండ్లు, అధికారుల పెన్షన్లు వగైరా అన్నీ కలిపి ఇంగ్లండ్ ఏటా పట్టుకుపోయేది 6 కోట్ల మంది శ్రామికుల ఆదాయాన్ని మించుతుందనీ రాశాడు. తొలి రైల్వే కంపెనీలకు 5 శాతం రాబడి గ్యారంటీ ఉండేది. తక్కువపడితే మన పన్నుల్లోంచే కట్టేవాళ్ళు. నష్టభయం లేని వ్యాపారం ఎవరికి చేదు!

నాకు ఈ గొడవ పుస్తకాల్లో కాదు, పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గర అర్థమైంది. మాది కొండపి వైపు. మా నాయన కూలీలను పెట్టి వర్జీనియా పొగాకు వేసేవాడు, సరుకు విదేశాలకు పోయేది. పైకి చూస్తే పక్కా పెట్టుబడిదారీ రైతు. ఒక ఏడాది వేలంలో బేళ్లకు నో బిడ్ పడితే, అంటే ఎవరూ పాడకపోతే, ట్రాక్టర్‌లో వెనక్కి తెచ్చుకున్నాం. మా అమ్మ వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మంచి ధర పలికిన ఏడు మాత్రం మిగిలిన డబ్బు బంగారంలోకీ వడ్డీలోకీ పోయింది, చేలోకి ఒక్క రూపాయి రాలేదు.

1970లలో మన దేశంలో జరిగిన ఉత్పత్తి విధానం చర్చ, అంటే మన వ్యవసాయం పెట్టుబడిదారీ అయిందా లేదా అన్న వాదం, సరిగ్గా దీని మీదే. కూలీలను పెట్టుకున్నంత మాత్రాన పెట్టుబడిదారీ కాదు, మిగులును తిరిగి సాగులో పెట్టి పెంచుతున్నాడా అన్నది చూడాలని ఆర్థికవేత్త ఉత్సా పట్నాయక్ అన్నారు. వలస కాలంలో వేరే దారి లేక జనం కూలికి వచ్చారు, డబ్బేమో వ్యాపారంలో, వడ్డీలో ఇరుక్కుంది అన్నది ఆమె వాదన. పాకిస్తానీ మార్క్సిస్టు హమ్జా అలావీ దీన్ని ప్రత్యేకంగా వలస ఉత్పత్తి విధానం అన్నాడు. నాకది కాస్త అతిగా అనిపిస్తుంది, పేరు పెడితే చిక్కు విడిపోదు. బ్రిటిష్ మార్క్సిస్టు బిల్ వారెన్ దానికి పూర్తిగా ఎదురు: సామ్రాజ్యవాదమే పెట్టుబడిని ముందుకు నడిపిందంటాడు. మీ ప్రశ్న ఆయన వైపుది.

మా బావకి కావలి దగ్గర రొయ్యల గుంటలున్నాయి. వచ్చిన లాభం మళ్ళీ నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకే పెడతాడు, పట్నాయక్ పరీక్షలో పాసే. కానీ 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిందన్న వార్త వచ్చాక మా బావ రేటు అడగడానికి ఫోన్ చేస్తే, కొనేవాడు ఎత్తలేదు. లెనిన్ 1916లో గుత్త పెట్టుబడి గురించి, అంటే కొద్దిమంది పెద్దల చేతిలో మార్కెట్ ఇరుక్కోవడం గురించి, రాసింది ఆ రాత్రి నేను మళ్ళీ తీసి చదివాను.