గోదావరి పాయల్లో వెట్‌సూటా, డ్రైసూటా?

ప్రశ్న: సెలవు రోజుల్లో మిత్రులతో కలిసి దిండి, బోడసకుర్రు పరిసరాల్లో వశిష్ఠ, వైనతేయ పాయల మీద కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) నడుపుతుంటాను. మా బావగారు విదేశం నుంచి వస్తూ నాకు నీటిలో వేసుకునే సూట్ ఒకటి తెస్తానంటున్నారు. ఖరీదు ఎక్కువైనా ఒంటికి చుక్క నీరు తగలనివ్వని డ్రైసూటే మేలని ఆయన అభిప్రాయం. వచ్చే ఆగస్టులో లడఖ్‌లోని జంస్కార్ నదిలో రాఫ్టింగ్‌కు వెళ్లాలని కూడా ఉంది. రెండు చోట్లకూ పనికివచ్చేది ఏదో తెలుపగలరు.
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: రెండు చోట్లకూ సరిపోయే సూట్ ఒకటి దొరకడం కష్టం. దీన్ని నిర్ణయించేది ఖరీదు కాదు, మీరు దిగబోయే నీటి చల్లదనం. గాలి కంటే నీరు మన ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది కనుక, గట్టు మీద ఎంత ఎండ కాస్తున్నా, పడవ తిరగబడితే ఎదురయ్యేది నీటి ఉష్ణోగ్రతేనని గుర్తుంచుకుని దుస్తులు ఎంచుకోవాలి.

వెట్‌సూట్ నీటిని ఆపదు. దాని నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న సన్నని వాయు బుడగలు చలిని అడ్డుకుంటాయి. లోపలికి చేరిన పలుచని నీటి పొర ఒంటి వేడితో వెచ్చబడి అక్కడే నిలుస్తుంది. డ్రైసూట్ పద్ధతి వేరు. మెడ, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీలు జాడీకి వాసెన కట్టినంత బిగువుగా ఉండి, నీరు చొరబడని జిప్పుతో కలిసి ఒంటిని పొడిగా ఉంచుతాయి. అయితే పలుచని గుడ్డతో కుట్టిన డ్రైసూట్‌కు తనంతట తానుగా వెచ్చదనం ఇచ్చే శక్తి దాదాపు లేదు. లోపల ఉన్ని దుస్తులో, ఫ్లీస్ దుస్తులో వేసుకుంటేనే అది పని చేస్తుంది. పైగా నీటిలో దిగేముందు కూర్చుని, మెడ పట్టీని కాస్త లాగి లోపలి గాలిని బయటకు పంపాలి. లేకపోతే ఆ గాలి కాళ్లలోకి చేరి, నీటిలో పడ్డప్పుడు ఈదడానికి అడ్డుపడుతుంది.

ఇక మన పాయల సంగతి. కోనసీమలో చలికాలపు తెల్లవారుజామున కూడా నీరు 20 డిగ్రీల కంటే దిగువకు పోవడం అరుదు. వేసవిలో 30 డిగ్రీల దాకా చేరుతుంది. డ్రైసూట్‌ను సాధారణంగా 12, 13 డిగ్రీల కంటే చల్లని నీటికి సిఫారసు చేస్తారు. దాన్ని తొడుక్కుని మన ఉక్కపోతలో తెడ్డు వేస్తే, బయటి నీరు తగలకుండానే చెమటతో లోపలి దుస్తులన్నీ తడిసిపోతాయి, వడదెబ్బ ప్రమాదం కూడా ఉంటుంది. బావగారి ఉద్దేశం మంచిదే గానీ, ఇక్కడ ఆ సూట్ బరువే. డిసెంబరు, జనవరి ఉదయాలకు చేతులు లేని 2 మిల్లీమీటర్ల వెట్‌సూట్ ధారాళంగా సరిపోతుంది. మిగతా నెలల్లో పొడుగు చేతుల ర్యాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కుని ఉండే పలుచని ఈత చొక్కా) చాలు.

వీటన్నిటికంటే ముందు కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ కొనండి; వెట్‌సూట్ కొంత తేలుస్తుంది కదా అని జాకెట్‌ను మానేయకూడదు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడే రోజుల్లో ఏ సూట్ ఉన్నా పాయల్లోకి దిగనేకూడదు. వరద లేని రోజుల్లోనూ సముద్రం దగ్గరి పాయల్లో పాటు వేళ (నీరు వెనక్కి తీసేటప్పుడు) ప్రవాహం సముద్ర సంగమం వైపు లాగుతుంది కనుక, ఆటుపోట్ల వేళలు తెలుసుకునే బయలుదేరండి.

జంస్కార్ మాటకొస్తే, అది మంచు కరిగి పారే నది. ఆగస్టు ఎండలోనూ నీరు అతి చల్లగా ఉంటుంది. అలాంటి నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి మన అదుపులో ఉండదు, కొద్ది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. అక్కడ ఒళ్లంతా కప్పే మందపాటి వెట్‌సూట్ గానీ, లోపల వెచ్చని దుస్తులతో డ్రైసూట్ గానీ తప్పనిసరి. ఒక్క యాత్ర కోసం అంత డబ్బు పోయడం నాకు సబబనిపించదు. రాఫ్టింగ్ నిర్వాహకులు సూట్ ఇస్తారేమో, దాని మందం ఎంతో ముందే అడగండి.

బావగారు పలుచని వెట్‌సూట్ తేవడానికి ఒప్పుకుంటే, మీ ఎత్తు, బరువు, ఛాతీ, నడుము కొలతలు ఆయనకు ముందుగానే పంపండి. వదులుగా ఉన్న సూట్‌లో నీరు నిలవక, వచ్చిపోతూ వేడిని వెంట తీసుకుపోతుంది. ఉప్పునీటిలో వాడిన ప్రతిసారీ మంచినీటితో కడిగి, నీడలో ఆరవేయండి. ఎండకు నియోప్రీన్ త్వరగా పెళుసుబారిపోతుంది.